వంటల సైటు కోసం నేను రాసిన మూడు ఉత్తరాలు

2016 మే 17, మంగళవారం. మా అమ్మాయిని బడిలో దింపి ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే, ఇక్కడ ఇంగ్లండులోనే స్లౌ అనే ఊళ్లో ఉండే స్నేహితురాలి నుంచి మెసేజ్ వచ్చింది. "బీబీసీ వంటల సైటు తీసేస్తున్నారట, చూశావా?"

నేను నమ్మలేదు. వెంటనే వార్తలు తెరిచి చూశాను. నిజమే. ఆన్‌లైన్ సేవల్లో ఒకటిన్నర కోట్ల పౌండ్లు ఆదా చేయాలని బీబీసీ నిర్ణయించింది. అందులో భాగంగా బీబీసీ ఫుడ్ సైటు మూసేస్తారు. దాదాపు 11 వేల వంటకాలున్న సైటు అది. ఇక మీదట టీవీలో చూపించిన వంటలను 30 రోజులు మాత్రమే ఆన్‌లైన్‌లో ఉంచుతారట. దాంతో పాటు ఐవండర్ అనే విజ్ఞాన పేజీలు, ప్రయాణాల సైటు, ఇంకా కొన్ని కూడా పోతాయని ఉంది.

వంటల సైటు పోతే ఏమైంది, ఇంటర్నెట్ నిండా వంటలే కదా అని చాలామంది అన్నారు. మా ఆయన కూడా మొదట అదే అన్నారు. నాకు అది అంత తేలికగా ఎందుకు అనిపించలేదో చెప్పాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి.

మేం 2009లో తెనాలి నుంచి ఇంగ్లండులోని రెడింగ్ వచ్చాం. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్లు. మరుసటి ఏడాది వసంతంలో పక్కింటి పెద్దావిడ తన తోటలో పెరిగిన రూబర్బ్ ఒక కట్ట తెచ్చి ఇచ్చారు. ఎర్రటి కాడలు, వాటి చివర చేటలంత ఆకులు. "బాగా పుల్లగా ఉంటుంది, వండుకోండి" అని చెప్పి వెళ్లారు. పులుపు అనగానే నా మనసు గోంగూర మీదికి పోయింది. ఊరు వదిలి వచ్చాక గోంగూర ముఖం చూసి చాలా నెలలైంది. మనకు గోంగూర అంటే ఆకే, కాడలు పారేస్తాం. నేనూ అదే చేశాను. ఆకులు తుంచి, కడిగి, చిల్లుల గిన్నెలో వేశాను. కందిపప్పు కుక్కర్‌లో ఉడుకుతోంది.

ఎందుకో ఒకసారి చూద్దామనిపించి పేరు కంప్యూటర్‌లో కొట్టాను. బీబీసీ ఫుడ్ పేజీ వచ్చింది. కాడలు మాత్రమే తినాలి, ఆకులు విషం అని ఉంది. ఆకుల్లో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుందని తర్వాత తెలుసుకున్నాను. చదవగానే చేతులు చల్లబడ్డాయి. ఇంకో పది నిమిషాలైతే ఆ ఆకులు పప్పులో పడేవి. మొదటి ముద్ద మా అమ్మాయికే పెట్టేదాన్ని.

ఆకులు పారేసి, కాడలు ముక్కలు చేసి పప్పులో వేశాను. అచ్చం గోంగూర పప్పు కాదు గానీ దాని చెల్లెలి లాంటిది. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో రూబర్బ్ పప్పు, రూబర్బ్ పచ్చడి ఇప్పుడు మామూలైపోయాయి. తాలింపులో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి కాస్త ఎక్కువ పడాలి. ఆ మాట పక్కన పెడదాం.

ఆ రోజు నుంచి ఆ సైటు నాకు తోడు అయింది. ఓవెన్ ఎలా వాడాలో, సెల్ఫ్ రైజింగ్ పిండికీ మామూలు మైదాకీ తేడా ఏమిటో, దుకాణంలో కనిపించే పార్స్‌నిప్ దుంపల్ని ఏం చేసుకోవాలో అక్కడే నేర్చుకున్నాను. ఇంట్లో ఉన్న సరుకు పేరు కొడితే దానితో చేసే వంటలు చూపించేది. మధ్యలో ఒక్క ప్రకటన లేదు. డబ్బులు కట్టమనేది కాదు. పరాయి దేశంలో కొత్తగా కాపురం పెట్టిన ఆడమనిషికి అది ఎంత ధైర్యమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఉచితం అన్నాను గానీ నిజానికి ఉచితం కాదు. ఇక్కడ టీవీ ప్రసారాలు చూసే ఇళ్లు లైసెన్సు ఫీజు కట్టాలి. అప్పట్లో ఏడాదికి 145.50 పౌండ్లు. మొదటిసారి ఆ బిల్లు వచ్చినప్పుడు మా ఆయన ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం మా నాన్నగారి బీరువా గుర్తొచ్చింది. అందులో ఇంటి పత్రాల మధ్య ఒక చిన్న రేడియో లైసెన్సు పుస్తకం ఉండేది. ఆయన ఏటా పోస్టాఫీసుకు వెళ్లి డబ్బు కట్టి, అందులో స్టాంపు వేయించుకుని వచ్చేవారు. తర్వాత ప్రభుత్వం ఆ లైసెన్సులు ఎత్తేసింది. కానీ విజయవాడ కేంద్రం మాట్లాడుతుంటే మా నాన్నగారు ఏదో మన సొంత మనిషి మాట్లాడినట్టు వినేవారు. తప్పు పలికితే కార్డు రాసేవారు. డబ్బు కట్టాం కాబట్టి అడిగే హక్కు ఉంది అనేవారు. ఆకాశవాణి ముద్ర మీద "బహుజన హితాయ బహుజన సుఖాయ" అని ఉంటుంది. ఆ మాటకు అర్థం ఆయనే చెప్పారు నాకు.

నేను మొదటి ఉత్తరం రాయడానికి కారణం బహుశా ఆ పుస్తకమే. అది 2015లో, సైటు మూసేస్తామని ప్రకటించడానికి ముందే.

బీబీసీ నడిచేది రాయల్ చార్టర్ అనే రాజపత్రం మీద. ఆ చార్టర్‌కు గడువు ఉంటుంది. గడువు ముగిసే ముందు ప్రభుత్వం ఒక చర్చాపత్రం వేసి ప్రజల అభిప్రాయం అడుగుతుంది. 2015 జూలై 16న అలాంటి పత్రం వచ్చింది. అక్టోబర్ 8 దాకా గడువు. ఆ పత్రం రావడానికి కొద్ది రోజుల ముందే ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ టీవీ ఇంటర్వ్యూలో బీబీసీ వెబ్‌సైటు గురించి మాట్లాడారు. అందులో ప్రత్యేక కథనాలు, వంటకాలు కూడా ఉంటున్నాయని, అలాగైతే అది ప్రసార సంస్థతో పాటు జాతీయ వార్తాపత్రిక కూడా అయిపోతుందని ఆయన ఉద్దేశం. ఆ మర్నాడే ఇంకో పెద్ద నిర్ణయం. 75 ఏళ్లు దాటినవారికి ఉచితంగా ఇచ్చే టీవీ లైసెన్సుల ఖర్చు అప్పటిదాకా ప్రభుత్వమే భరించేది. దాన్ని 2018 నుంచి మెల్లమెల్లగా బీబీసీ మీదికి మార్చారు. ఏడాదికి 70 కోట్ల పౌండ్లకు పైబడే ఖర్చు అది. లైసెన్సు ఫీజు చూస్తే 2010 నుంచి పెరగకుండా అప్పటికీ అదే 145.50 దగ్గర ఆగి ఉంది. ఈ రెండూ కలిపి చూసినవాళ్లకు ఏదో ఒకటి కోత పడుతుందని అప్పుడే అర్థమైపోయి ఉంటుంది. నాకు అంత తెలియదు. వంటకాల ప్రస్తావన విన్నాక మాత్రం గుండెలో కలుక్కుమంది.

చర్చాపత్రం తెరిచాను. మొత్తం 19 ప్రశ్నలు. భాష కష్టంగా ఉంది. బీబీసీ విస్తరించడం సమర్థనీయమేనా, దాని వల్ల ప్రైవేటు సంస్థలకు చోటు లేకుండా పోతోందా, పోతుంటే అది సరైనదేనా అని అడిగారు. ఇవన్నీ చదివి నాలాంటివాళ్ల కోసం కాదులే అనుకుని రెండు వారాలు వదిలేశాను. తర్వాత పక్కింటి పెద్దావిడతో ఈ సంగతి చెబితే ఆవిడ, "అన్నిటికీ జవాబు రాయక్కర్లేదు, నీకు తెలిసినదానికి రాయి" అన్నారు. అది నిజం. ఏ ప్రశ్న వదిలేసినా ఫరవాలేదు. ఈ దేశపు పౌరసత్వం కూడా అక్కర్లేదు. మన తెలుగువాళ్లకు ఈ సంగతి ముఖ్యంగా చెప్పాలనిపిస్తుంది. వీసా మీద ఉన్నాం, మనకెందుకు అని చాలామంది ఊరుకుంటారు. ఫీజు కట్టేటప్పుడు మనల్ని వీసా అడగలేదు కదా.

ముందు తెలుగులో రాసుకున్నాను. రూబర్బ్ సంగతి, మా అమ్మాయి బైట్‌సైజ్ అనే బీబీసీ పాఠాల పేజీల్లో లెక్కలు నేర్చుకునే సంగతి, మా ఇంట్లో టీవీ కన్నా బీబీసీ వెబ్‌సైటే ఎక్కువ వాడతామన్న సంగతి. తర్వాత కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాను. ఒక పేజీన్నర వచ్చింది. మా ఆయన చదివి ఒక్క వాక్యం దిద్దారు, అంతే. ఈమెయిల్ చేశాను. అందినట్టు జవాబు వచ్చింది. తర్వాత చదివితే మొత్తం లక్షా 92 వేలకు పైగా స్పందనలు వచ్చాయని తెలిసింది. వాటిలో నాదొకటి.

కాబట్టి మే నెలలో సైటు మూసేస్తున్నారని వినగానే నాకు కలిగింది బాధ మాత్రమే కాదు. ఇంతమందిమి చెప్పాం కదా, అయినా ఇలా ఎందుకు అన్న ప్రశ్న.

ఆ రోజు ఇంటి పని ఏమీ చేయలేదు. మొదట సంతకాల పిటిషన్‌లో పేరు చేర్చాను. సాయంత్రానికే సంతకాలు లక్ష దాటాయి. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఒక బటన్ నొక్కితే అయిపోయేదాన్ని అవతలివాళ్లు ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటారని నా అనుమానం. ఆ విషయంలో నా అంచనా తప్పు, అది తర్వాత చెబుతాను.

రెండో ఉత్తరం బీబీసీకే. వాళ్ల వెబ్‌సైటులో ఫిర్యాదుల ఫారం ఉంది. ఫారం చిన్నది, రాయడానికి ఇచ్చిన చోటు కూడా తక్కువ. అందుకే చెప్పాల్సింది ఒక్కటే ఎంచుకోవాల్సి వచ్చింది. ఎంచుకోవడానికే గంట పట్టింది. చివరికి ఇలా రాశాను: "ఈ వంటకాలు ఇప్పటికే తయారై ఉన్నాయి. వాటిని రాయించడానికి, వండి చూడడానికి మేం ఇప్పటికే డబ్బు కట్టాం. కొత్తవి తగ్గించుకోండి, అర్థం చేసుకుంటాం. ఉన్నవాటిని తీసేయకండి." ఈ రోజుకీ నా మాట అదే. బావి తవ్వడానికి ఖర్చు అవుతుంది, తవ్విన బావిని ఉంచడానికి అంత ఖర్చు కాదు. డబ్బు చాలక రెండో బావి తవ్వలేదంటే ఊరు ఒప్పుకుంటుంది. ఉన్న బావిని పూడుస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

మూడో ఉత్తరం మా ఎంపీకి. పోస్ట్‌కోడ్ కొడితే మన ఎంపీ ఎవరో చూపించి, అక్కడి నుంచే ఉత్తరం పంపనిచ్చే సైటు ఒకటి ఇక్కడ ఉంది. ఎంపీలు తమ నియోజకవర్గం వాళ్లకే జవాబిస్తారు కాబట్టి పూర్తి పేరు, ఇంటి చిరునామా తప్పకుండా రాయాలి. అది మరిచిపోతే ఉత్తరం అక్కడే ఆగిపోతుంది. ఇందులో బీబీసీని కాదు, ప్రభుత్వాన్ని అడిగాను. వృద్ధుల లైసెన్సుల భారం మోయమని చెప్పింది మీరు, ఫీజు పెరగకుండా ఆపింది మీరు, వెబ్‌సైటు మరీ పెద్దదైందని అన్నది మీరు. ఇప్పుడు కోత పడితే అది ప్రసార సంస్థ నిర్ణయం అని ఎలా అంటారు? సంక్షేమం ప్రభుత్వ బాధ్యత, దాన్ని ప్రసార సంస్థ నెత్తిన పెట్టడం సరికాదు అని రాశాను. రాస్తున్నప్పుడు కాస్త టెన్షన్‌గా ఉంది, ఎంపీకి ఉత్తరం రాయడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆ రాత్రి ప్రింటర్ ముందు కూర్చున్నాను. పిటిషన్లు, ఉత్తరాలు ఏమవుతాయో తెలియదు. కావలసినవి ముందు దాచుకుందామని. రొట్టెలు, కేకులు, కూరగాయల సూపులు, క్రిస్మస్‌కి బడికి పంపే బిస్కెట్లు. కాగితాలు అయిపోతే మా ఆయన తన ఆఫీసు బ్యాగులోంచి ఇంకొన్ని తీసిచ్చారు. పొద్దున "వంటలేగా" అన్న మనిషి, రాత్రి పదకొండింటికి నా పక్కన కూర్చుని కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టారు.

పక్కింటి పెద్దావిడ మర్నాడు వచ్చి తన కథ చెప్పారు. 1982లో మధుర్ జాఫ్రీ బీబీసీ టీవీలో మన వంటలు చేసి చూపించినప్పుడు ఆవిడ కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చుని రాసుకున్నారట. పసుపు మరకలు పడిన ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి, చూపించారు. పప్పు వండడం ఆవిడకి అలా వచ్చింది. రూబర్బ్ ఆకులు విషమని నాకు అలా తెలిసింది. ఒకే సంస్థ మా ఇద్దరికీ ఒకరి తిండి ఒకరికి నేర్పింది.

అందరూ నాతో ఏకీభవించలేదు. మా వీధి చివర ఒకాయన ఉన్నారు, స్థానిక పత్రికలో చాలా ఏళ్లు పనిచేశారు. 2014 డిసెంబర్‌లో మా ఊరి పత్రిక ఒకటి అచ్చు ఆపేసింది. ఆయన నా ఉత్తరాల సంగతి విని నెమ్మదిగా అన్నారు, "ప్రజల డబ్బుతో అన్నీ ఉచితంగా ఇచ్చే సైటు పక్కన మా పత్రిక ఎలా బతుకుతుంది? వంటల పేజీ చూడడానికి వచ్చే పాఠకులే మాకు ప్రకటనలు తెచ్చేవాళ్లు." దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. చాలా రోజులు ఆలోచించాను. పత్రికలు చితికిపోవడానికి వంటకాలే కారణమని నేను ఒప్పుకోను. చిన్న ప్రకటనలు, ఇళ్ల ప్రకటనలు, ఉద్యోగాల ప్రకటనలు అన్నీ ఇంటర్నెట్‌కి తరలిపోయాయి, అది పెద్ద దెబ్బ. కానీ ఆయన బాధ నిజం. మునిసిపల్ కౌన్సిల్ సమావేశానికి వెళ్లి రాసే విలేకరి లేకపోతే ఊరికి నష్టం. 2016లో బీబీసీ మీద వచ్చిన ప్రభుత్వ శ్వేతపత్రం తర్వాత, స్థానిక పత్రికల్లో 150 మంది విలేకరులకు జీతాలివ్వడానికి బీబీసీ ఏటా 80 లక్షల పౌండ్ల దాకా ఖర్చు పెట్టే పథకం మొదలైంది. చిన్న సంస్థ బతకాలంటే ఇలా ఎదురు సాయం చేయాలి. జనం వాడుకునేదాన్ని తీసేస్తే ఆ విలేకరి ఉద్యోగం తిరిగి రాదు. ఆయనతో ఈ మాట అన్నాను. ఒప్పుకోలేదు, నవ్వారు. ఇప్పటికీ కనబడితే పలకరించుకుంటాం.

ఫలితం చెప్పలేదు. ప్రకటన వచ్చిన రోజే, జనం గొడవ చేశాక, వంటకాలు చెరిపేయబోమనీ, వీలైనన్నిటిని బీబీసీ గుడ్ ఫుడ్ అనే సైటుకు మారుస్తామనీ చెప్పారు. అది అప్పట్లో బీబీసీ వ్యాపార విభాగం నడిపే సైటు, దానిలో ప్రకటనలు ఉంటాయి. ఇది విన్నప్పుడు సగం ఊపిరే పీల్చుకున్నాను. ఫీజు కట్టినవాళ్ల వస్తువు వ్యాపార సైటుకు ఎందుకు వెళ్లాలి? కానీ చివరికి అలా జరగలేదు. బీబీసీ ఫుడ్ సైటు ఉండిపోయింది. ఈ రోజుకీ ఉంది. గుడ్ ఫుడ్ సంగతి చూడండి, 2018లో దాన్ని వేరే ప్రచురణ సంస్థ కొనుక్కుంది, 2024లో దాని పేరు ముందున్న బీబీసీ అన్న మాట కూడా పోయింది. ఆ 11 వేల వంటకాలు అప్పుడే అటు వెళ్లిపోయి ఉంటే ఈపాటికి మనవి కాకుండా పోయేవి. పిటిషన్‌ని తక్కువ అంచనా వేశానని అందుకే అన్నాను. ఒక్క రోజులో లక్ష సంతకాలు చేయగలిగింది నా మూడు ఉత్తరాలు చేయలేవు.

అయితే నన్ను ఇప్పటికీ కలచివేసేది వేరే ఉంది. ఆ రోజు జాబితాలో వంటలతో పాటు ఐవండర్ కూడా ఉందన్నాను కదా. మా అమ్మాయి మొదటి ప్రపంచ యుద్ధం గురించి బడి ప్రాజెక్టు చేసింది దాన్ని చూసే. దాని కోసం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. నా ఫిర్యాదు ఫారంలో చోటు సరిపోలేదు అని సర్దిచెప్పుకున్నాను. అది ఆగిపోయింది. వంటలు ప్రతి ఇంటివీ కాబట్టి గొంతులు లేచాయి. తక్కువమందికి పనికొచ్చే వాటికి గొంతు లేదు, అవి చడీచప్పుడు లేకుండా పోతాయి. నిజానికి మార్కెట్ చేయని పనులు చేయడానికే ప్రజా ప్రసార సంస్థ కావాలి. అలాంటప్పుడు ఏది ఉంచాలి అన్నది ఎంతమంది అరిచారు అన్నదాన్ని బట్టి తేలకూడదు. తీసేసే ముందు జాబితా బయట పెట్టి, ఎందుకో చెప్పి, కొన్ని వారాలు గడువిచ్చి, వాడేవాళ్లను అడగాలి. తీసేసినా ఎక్కడో ఒకచోట చదవడానికి వీలుగా భద్రపరచాలి. ఎంపీకి రాసిన ఉత్తరంలో ఇది లేదు. ఇప్పుడైతే ఇదే మొదటి పేరాలో రాస్తాను.

మా ఎంపీ ఆఫీసు నుంచి కాగితం మీద జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. ఫైల్లో వంటకాల వెనక అది కూడా పెట్టాను.

ఇంకో సంగతి. 2017 అక్టోబర్ 2న బీబీసీ తెలుగు మొదలైంది, గుజరాతీ, మరాఠీ, పంజాబీలతో పాటు. ఇంగ్లండులో వెబ్ పేజీలకు కోత పెట్టిన రోజుల్లోనే తెలుగులో కొత్త వెబ్‌సైటు ఎలా వచ్చిందని మా తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. దాని వెనక ఉన్నది బ్రిటిష్ ప్రభుత్వం 2015 నవంబర్‌లో వరల్డ్ సర్వీస్ విస్తరణకు ప్రకటించిన ప్రత్యేక గ్రాంటు, మేం కట్టే లైసెన్సు ఫీజు కాదు. రెండూ వేరు వేరు సంచులు. తెలుగులో వార్త చదువుతుంటే సంతోషంగానే ఉంటుంది. అయినా గ్రాంటు ఇచ్చిన చెయ్యి రేపు ఆపేస్తే అడగడానికి తెనాలిలో ఉన్న పాఠకుడి దగ్గర మా నాన్నగారి పుస్తకం లాంటిది ఏదీ లేదే అని కూడా అనిపిస్తుంది.

మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీలో చదువుతోంది. వెళ్లేటప్పుడు ఆ ప్లాస్టిక్ కవర్ల ఫైలు అడిగి పట్టుకెళ్లింది, అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి కదే అన్నా వినలేదు. ఇప్పటి చార్టర్ 2027 డిసెంబర్ 31తో ముగుస్తుంది. ఈసారి తన జవాబు తనే రాసుకుంటానంది. ఐవండర్ గురించి రాయమని చెప్పాను.